ఆ 48వీ బటన్ నొక్కాలా, వద్దా?

మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె మీద '48వీ' అని రాసి ఉండే ఆ చిన్న బటన్ గురించి ఈసారి వచ్చినన్ని ఉత్తరాలు ఇంకే విషయం మీదా రాలేదు. గది మూల దుప్పట్లు కట్టుకుని వాయిస్ ఓవర్లు చెప్పేవాళ్లు, కథలు చదివి పెట్టేవాళ్లు, కీర్తనలు రికార్డు చేసుకునేవాళ్లు, అందరి టెన్షనూ దాదాపు అదే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి మైకుకు దాని కేబుల్ గుండానే 48 వోల్టుల కరెంటు అందే సంగతే, అంటే ఫాంటమ్ పవర్ గురించే మాట్లాడుకుందాం. ఒకే ప్రశ్న నలుగురు అడిగినచోట ఒక్కరి ఉత్తరమే వేశాం, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: డబ్బింగ్ ప్రయత్నాల కోసం కండెన్సర్ మైకు, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ కొన్నాను. 48వీ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతోంది కానీ సౌండ్ పెంచే గెయిన్ నాబ్ ఎంత తిప్పినా చప్పుడు లేదు. షాపులో పెట్టి చూపిస్తే మైకు బాగానే పనిచేసింది. మైకు వైపు మూడు పిన్నుల కనెక్టర్, ఇంటర్‌ఫేస్ వైపు గిటార్‌కి వాడే లావు పిన్ను ఉన్న కేబుల్ వాడుతున్నాను. – పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: చివర్లో యథాలాపంగా రాసిన ఆ కేబుల్ సంగతే మీ సమస్య. మైకూ బాగుంది, ఇంటర్‌ఫేసూ బాగుంది, ఆ కేబుల్ పక్కన పడేసి రెండువైపులా మూడు పిన్నులుండే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఒకటి కొనుక్కోండి, సరిపోతుంది.

ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిగతా ఉత్తరాల్లో సగానికి జవాబు దొరికినట్టే. మీ ఇంటర్‌ఫేస్ ముందున్న సాకెట్‌ను జాగ్రత్తగా చూడండి. చుట్టూ మూడు చిన్న రంధ్రాలు, మధ్యలో ఒక పెద్ద రంధ్రం ఉంటాయి. కాంబో జాక్ అంటారు దీన్ని. చూడ్డానికి ఒకటే సాకెట్ అయినా లోపల దారులు రెండు. 48 వోల్టులు వచ్చేది చుట్టూ ఉన్న ఆ మూడు రంధ్రాల్లోకి మాత్రమే. మధ్య రంధ్రం గిటార్‌కీ కీబోర్డుకీ కాబట్టి అందులోకి ఆ కరెంటు రానివ్వరు, రానిస్తే వాటికే ప్రమాదం. మీరు లావు పిన్ను గుచ్చినంతకాలం ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, మైకు మాత్రం ఆకలితోనే ఉంటుంది.

ఆ మూడు పిన్నుల్లో 1 నంబరుది షీల్డు, అంటే గ్రౌండు. 2, 3 నంబర్లు మీ గొంతును మోసేవి. ఇంటర్‌ఫేస్ 48 వోల్టుల డీసీని 6.8 కిలో ఓముల రెసిస్టర్లు రెండింటి గుండా, ఒకటి 2వ పిన్నుకు, ఒకటి 3వ పిన్నుకు, సమానంగా పంపిస్తుంది. అది మైకులో పని చేసుకుని 1వ పిన్ను మీదుగా వెనక్కి వస్తుంది. అదే తీగల మీద గొంతు ఇటు వస్తుంటుంది, కరెంటు అటు వెళ్తుంటుంది. ఒకదానికొకటి అడ్డం రావు, ఎందుకంటే ఇంటర్‌ఫేస్‌లో మైకు సిగ్నల్‌ను పెంచే ప్రీయాంప్ చూసేది 2, 3 మధ్య తేడానే, 48 వోల్టులు రెండింటి మీదా ఒకేలా ఉన్నాయి కాబట్టి ఆ తేడాలో కనిపించవు.

కండెన్సర్ మైకుకు ఈ కరెంటు ఎందుకంటే, అందులో శబ్దాన్ని పట్టే భాగం, అంటే క్యాప్సూల్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం, నేరుగా కేబుల్ మీద ప్రయాణం చేయలేదు. మైకు లోపలే ఒక చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్ దాన్ని అందుకుని బయటికి పంపాలి, దానికి కరెంటు కావాలి. అసలు సిసలు కండెన్సర్లలో అయితే క్యాప్సూల్ పొర మీద చార్జి నిలబెట్టడానికి కూడా కావాలి. ఎలెక్ట్రెట్ రకంలో ఆ చార్జి తయారీలోనే శాశ్వతంగా ఎక్కించేస్తారు, అయినా సర్క్యూట్‌కు మాత్రం కరెంటు తప్పదు.

ఇంకో మాట. కొత్త కేబుల్ పెట్టాక కూడా రాకపోతే 1వ పిన్ను దగ్గర టంకం ఊడిందేమో చూడండి. షీల్డు తెగిన కేబుల్‌తో మామూలు స్టేజి మైకు హమ్మింగ్‌తోనైనా పలుకుతుంది, కండెన్సర్ మాత్రం అస్సలు పలకదు, దాని కరెంటు వెనక్కి వచ్చే దారే అది. అందుకే "ఈ కేబుల్ వేరే మైకుతో పనిచేస్తోంది కదా" అనే వాదన ఇక్కడ నిలబడదు.

ప్రశ్న: చూసుకోకుండా 48వీ ఆన్‌లో ఉండగానే మా ఎస్‌ఎం58 మైకు తగిలించాను. గంటసేపు అలాగే ఉంది. పాడైపోయి ఉంటుందా? – పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పాడవదు. హాయిగా పాడుకోండి. మీ ఎస్‌ఎం58 డైనమిక్ రకం, డైనమిక్ మైకులో ఉండేది ఒక తీగ చుట్ట, దాని రెండు చివర్లూ 2, 3 పిన్నులకు కలిసి ఉంటాయి. రెండు చివర్లా అవే 48 వోల్టులు ఉన్నప్పుడు ఇక కరెంటు ఎటు పోతుంది? రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉన్న కాలువలో నీళ్లు పారవు కదా, ఇదీ అంతే.

ఈ ధీమా అన్ని మైకులకూ పనికిరాదు. రిబ్బన్ మైకుల్లో జుట్టు కంటే పల్చటి అల్యూమినియం రేకు ఉంటుంది. కేబుల్ సరిగ్గా ఉంటే దానికీ ఏమీ కాదు కానీ, కేబుల్లో ఒక తీగ షార్టయినా, 48వీ ఆన్‌లో ఉండగా పిన్నులు ముందూ వెనకా తగిలినా, ఆ ఒక్క క్షణం కరెంటు రేకు గుండా పోయి దాన్ని సాగదీసేయగలదు. మీ దగ్గర రిబ్బన్ ఉంటే 48వీ ఆపి, కాసేపు ఆగి, అప్పుడే గుచ్చండి. సినిమా షూటింగుల్లో వాడిన పాత 'టీ పవర్' షాట్‌గన్ మైకులు, మోడల్ నంబరు చివర 'టీ' అక్షరం ఉండే సెన్‌హైజర్ ఎంకేహెచ్ 415టీ లాంటివి, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా జాగ్రత్త. వాటికి కావలసింది 2, 3 పిన్నుల మధ్య 12 వోల్టులు, ఆ పద్ధతే వేరు. తగిన అడాప్టర్ లేకుండా 48వీకి పెట్టొద్దు.

ప్రశ్న: నా డైనమిక్ మైకులో గొంతు చాలా చిన్నగా వస్తోంది. 48వీ ఆన్ చేస్తే సౌండ్ పెరుగుతుందని స్నేహితుడు చెప్పాడు, చేశాను, ఏం తేడా లేదు. మైకు షూర్ ఎస్‌ఎం7బీ. – పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉండదు. 48వీ అనేది వాల్యూమ్ బటన్ కాదని పెద్ద అక్షరాలతో రాసి ఇంటర్‌ఫేస్ డబ్బా మీద అంటించాలనిపిస్తుంది నాకు. అడిగిన మైకుకు అది కరెంటు ఇస్తుంది, అడగని మైకు దాని జోలికే పోదు.

మీ మైకు స్వభావమే అంత. ఒకే మోతాదు శబ్దానికి ఆడియో టెక్నికా ఏటీ2020 అనే మామూలు కండెన్సర్ 14.1 మిల్లీవోల్టులు ఇస్తే, ఎస్‌ఎం7బీ ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులు. పన్నెండు రెట్ల తేడా! దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని కంపెనీయే చెబుతుంది. పాత, చవక ఇంటర్‌ఫేసులు 50 దగ్గరే ఆగిపోతాయి, ఆ చివర్లో బుస్సుమనే శబ్దం కూడా లేస్తుంది.

మీ స్నేహితుడు చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం ఎక్కడుందంటే, క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటి చిన్న బూస్టర్లు ఉంటాయి, మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టేవి. వాటికి 48వీ కావాలి. ఆ కరెంటు తామే తినేసి, మైకు దాకా పోనివ్వకుండా, గొంతును ఓ 25 డెసిబెల్స్ పెంచి ఇస్తాయి. బహుశా ఆయన ఎక్కడో అలాంటి సెటప్ చూసి ఉంటారు. షూర్ వాళ్లే 2023లో ఆ బూస్టర్‌ను మైకులోనే పెట్టి ఎస్‌ఎం7డీబీ తెచ్చారు, దానిలో బూస్ట్ వాడాలంటే మాత్రం 48వీ నొక్కాల్సిందే. డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి: మైకుకు నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చి మాట్లాడి చూడండి. చాలామంది ఆ మైకును మూరెడు దూరం పెట్టుకుని బూస్టర్ కోసం వెతుకుతుంటారు.

ప్రశ్న: ఇద్దరం కలిసి కథల పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. రెండు కండెన్సర్ మైకులు, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీదే నడిచే ఇంటర్‌ఫేస్. ఒక మైకు పెడితే బాగుంటుంది, రెండోది పెట్టి 48వీ వేయగానే ఒక్కోసారి ఇంటర్‌ఫేస్ డిస్కనెక్ట్ అవుతోంది. ఫోన్‌కి ఓటీజీతో పెడితే అసలు ఆన్ అవడమే లేదు. 5 వోల్టుల యూఎస్‌బీ నుంచి 48 వోల్టులు ఎలా వస్తాయి, అది నిజమైన 48 అవునా కాదా? – పాఠకుడు, విజయనగరం

జవాబు: మంచి అనుమానం. ఇంటర్‌ఫేస్ లోపల ఒక చిన్న కన్వర్టర్ ఉంటుంది, 5 వోల్టులను 48కి పెంచేది. వోల్టేజి పెరిగినంత మేర కరెంటు తగ్గాలి, ఊరికే ఏదీ రాదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ యాంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. యూఎస్‌బీ 3.0 అయితే 900, అంటే నాలుగున్నర వాట్లు. ఇంటర్‌ఫేస్ మొత్తం, దాని హెడ్‌ఫోన్ యాంప్‌తో సహా, ఇందులోనే బతకాలి.

మైకు తినేదెంత? అది మైకును బట్టి. ఏటీ2020 దాదాపు 2 మిల్లీ యాంపియర్లు తీసుకుంటుంది, న్యూమన్ యూ87 ఏఐ ఇంకా తక్కువ, 0.8. ఎర్త్‌వర్క్స్ వాళ్లు శబ్దాన్ని కొలవడానికి చేసే మైకులు కొన్ని 10 దాకా లాగుతాయి, ప్రమాణం ప్రకారం ఒక మైకు లాగదగ్గ గరిష్ఠం అదే. రెండు మైకులూ చెరో 10 లాగినా మొత్తం ఒక వాటు లోపే. కన్వర్టర్‌లో పోయేది కలిపినా, మామూలు మైకులతో ల్యాప్‌టాప్ పోర్టు అల్లాడిపోవాల్సిన పని లేదు.

కాబట్టి నా అనుమానం మీరు రాయని వస్తువు మీద: మధ్యలో యూఎస్‌బీ హబ్ ఏమైనా ఉందా? మౌసూ, పెన్‌డ్రైవూ, ఇంటర్‌ఫేసూ మూడూ ఒకే హబ్‌కు పెట్టి, ఆ హబ్‌కు వేరే అడాప్టర్ లేకపోతే మీరు చెప్పినట్టే అవుతుంది. ల్యాప్‌టాప్‌కే నేరుగా, ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌తోనే పెట్టి చూడండి. బజారులో కొన్న మూడు మీటర్ల సన్నటి కేబుల్ అయితే ఆ 5 వోల్టుల్లో కొంత దారిలోనే పోతుంది. ఫోన్ల విషయం వేరు, చాలా ఫోన్లు ఓటీజీలో అంత కరెంటు ఇవ్వవు, ఇచ్చినా బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. అడాప్టర్ ఉన్న హబ్ మధ్యలో పెట్టడమో, విడిగా పవర్ తీసుకునే సాకెట్ ఉన్న ఇంటర్‌ఫేస్ కొనడమో తప్ప మార్గం లేదు.

నిజమైన 48 అవునా అన్నారు, కొలిచి చూసుకోండి. ఎలక్ట్రీషియన్ దగ్గరుండే మామూలు మల్టీమీటర్ చాలు. ఇంటర్‌ఫేస్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ తగిలించి, రెండో కొస ఖాళీగా ఉంచి 48వీ ఆన్ చేయండి. ఆ కొసలో పిన్నుల పక్కనే 1, 2, 3 అని సన్నగా అచ్చు వేసి ఉంటుంది, ఫోన్ టార్చి వేసుకుంటేగానీ కనిపించదు. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి 1, 2 మధ్య చూడండి, 44 నుంచి 52 లోపు రావాలి. 1, 3 మధ్య కూడా అంతే రావాలి. 2, 3 మధ్య సున్నా, లేదా దాదాపు సున్నా. 2 మీద 48 ఉండి 3 మీద ఏమీ లేకపోతే తప్పు కేబుల్‌ది, వేరేది మార్చి మళ్లీ చూడండి.

మైకు తగిలించాక కొలిస్తే మాత్రం 48 ఉండదు, కంగారు పడొద్దు. ఆ రెండు 6.8 కిలో ఓముల రెసిస్టర్లు కలిపి 3.4 కిలో ఓములుగా పనిచేస్తాయి. 2 మిల్లీ యాంపియర్లు లాగే మైకు దగ్గర 41 వోల్టులు మిగులుతాయి, 10 లాగేదాని దగ్గర 14 మాత్రమే. అలా డిజైన్ చేసిందే. నిజంగా కరెంటు చాలకపోతే మీకు తెలిసేది మీటర్లో కాదు, చెవిలో: మామూలు మాటలు బాగుండి, గట్టిగా నవ్వినప్పుడో అరిచినప్పుడో గొంతు చీలినట్టు వస్తుంది.

ప్రశ్న: నాకు మైకు పెదాలకు తగిలితే చురుక్కుమంటోంది. 48 వోల్టులు లీకవుతున్నాయని మా వారు ఆ బటన్ నొక్కనివ్వడం లేదు. – పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ వారి జాగ్రత్త మంచిదే కానీ దొంగ వేరే చోట ఉన్నాడు. ఫాంటమ్ పవర్ పూర్తిగా షార్టయినా, ఆ రెసిస్టర్ల వల్ల 14 మిల్లీ యాంపియర్లకు మించి రాదు, పైగా మైకు బయటి జాలీ కలిసి ఉండేది గ్రౌండుకే, 48కి కాదు. 48వీ ఆపేసి చూడండి, ఆ చురుక్కు అలాగే ఉంటుంది.

అది గోడలోంచి వస్తోంది. మీ ల్యాప్‌టాప్ చార్జరుకు ప్లగ్గులో రెండే పిన్నులున్నాయా? లేక మూడు పిన్నులున్నా, అది గుచ్చిన సాకెట్‌లో పై పెద్ద రంధ్రానికి వెనకాల తీగే లేదా? మన ఇళ్లలో ఈ రెండోది మరీ ఎక్కువ, సాకెట్ మూడు రంధ్రాలదే ఉంటుంది, ఎర్త్ మాత్రం పేరుకే. చార్జరు లోపల నాయిస్ తగ్గించడానికి పెట్టే కెపాసిటర్ల మీదుగా 230లో సుమారు సగం వోల్టేజి, అతి స్వల్ప కరెంటుతో, ల్యాప్‌టాప్ బాడీకి వస్తుంది. అక్కడి నుంచి యూఎస్‌బీ కేబుల్, ఇంటర్‌ఫేస్, మైకు కేబుల్ షీల్డు, చివరికి మీ పెదవి. చెప్పులు లేకుండా గచ్చు మీద నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది. చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి, చురుక్కు పోయిందంటే ఇదే కారణం. రికార్డింగులో సన్నగా వచ్చే గుయ్‌మనే శబ్దం కూడా దాంతోపాటే పోవచ్చు, అది బోనస్.

శాశ్వతంగా పోవాలంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి, మూడు పిన్నుల కార్డు వాడండి. ఇంట్లో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే సప్లై ఆపేసే స్విచ్చి) లేకపోతే పనిలో పనిగా అదీ పెట్టించండి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చురుక్కుమనడం వరకూ పరవాలేదు కానీ, గట్టిగా కొట్టినా, చెయ్యి పట్టేసినట్టున్నా అది వేరే లోపం, యాంప్లిఫయర్‌లోనో వైరింగులోనో ఫేజు బాడీకి తగులుతోందన్నమాట. అది తేలేదాకా ఆ సెట్టు ముట్టుకోవద్దు. హమ్మింగ్ పోవడానికని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసే పెద్దలుంటారు ఫంక్షన్ల దగ్గర, వాళ్ల మైకు కూడా ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఫోన్‌కు వాడే కాలర్ మైకును కన్వర్టర్ పిన్నుతో ఇంటర్‌ఫేస్‌కు పెట్టొచ్చా? – పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఉత్త పిన్ను మార్చే అడాప్టర్‌తో వద్దు. కాలర్ మైకుకు కావలసింది 2 నుంచి 5 వోల్టులు, దీన్ని ప్లగ్-ఇన్ పవర్ అంటారు, ఫోనూ కెమెరా ఇచ్చేది అదే. లావు జాక్‌లోకి మార్చి పెడితే కరెంటే అందక పలకదు, ఎక్స్‌ఎల్‌ఆర్‌లోకి మార్చి 48వీ వేస్తే ఆ చిన్న మైకు ప్రాణం పోవచ్చు. 48ని తగ్గించి ఇచ్చే అడాప్టర్లు వేరే ఉన్నాయి, రోడ్ వీఎక్స్‌ఎల్‌ఆర్ ప్లస్ అలాంటిదే. కొనేటప్పుడు పేరు చివర ఆ 'ప్లస్' ఉందో లేదో చూసుకోండి, ప్లస్ లేని ఉత్త వీఎక్స్‌ఎల్‌ఆర్ ఈ పని చేయదు. ఫోన్ మైకు పిన్ను మీద మూడు నల్ల గీతలుంటే దాన్ని రెండు గీతల రకానికి మార్చే ముక్క కూడా కావాలి.

ప్రశ్న: 48 ఎందుకు? 50 పెట్టుకోవచ్చు కదా! – పాఠకుడు, గుంటూరు

జవాబు: నార్వే చలికాలం వల్ల! 1966లో న్యూమన్ కంపెనీ ట్రాన్సిస్టర్‌తో నడిచే కేఎం 84 మైకును తీసుకుని నార్వే రేడియో వాళ్ల దగ్గరికి వెళ్లింది. అప్పటిదాకా ట్రాన్సిస్టర్ బదులు గాజు గొట్టం ఉండే వాల్వు మైకుకు పక్కనే ఓ పవర్ సప్లై పెట్టె మోసుకు తిరగాలి. చలికాలంలో పగటి వెలుతురు అంతంతమాత్రమే ఉండే ఆ దేశంలో, స్టూడియోల్లో అదనపు లైట్ల కోసం 48 వోల్టుల సప్లై ముందే ఉంది. మైకులను కూడా దాని మీదే నడపమన్నారు, అదే తర్వాత ప్రమాణమైంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో బ్యాటరీలదీ 48 వోల్టులే, మన ఊళ్ల ల్యాండ్‌లైన్లు నడిచిందీ దాని మీదే.

ప్రశ్న: వానాకాలం వచ్చిందంటే కండెన్సర్ మైకులో చిటపటలు మొదలవుతాయి. 48వీ ఆపి ఆన్ చేస్తే కాసేపు బాగుంటుంది. ఇంటర్‌ఫేస్ మార్చాలా? అసలు ఆన్, ఆఫ్ ఏ వరసలో చేయాలి? – పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇంటర్‌ఫేస్ మార్చకండి. సముద్రపు గాలి, వానాకాలం తేమ, రెండూ కండెన్సర్‌కు పడవు. క్యాప్సూల్ దగ్గరి సర్క్యూట్ ఎంత సున్నితమంటే, దాని మీద పట్టిన పల్చటి తేమ పొర గుండా కూడా చార్జి జారిపోతుంది, ఆ జారడమే మీకు చిటపటగా వినిపిస్తోంది. పని అయ్యాక స్టాండ్ మీద వదిలేయకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఆ పొట్లాలు అక్షయపాత్రలేం కాదు, నెలలు గడిచాక మార్చాలి. ఏసీ గదిలోంచి ఉక్కలోకి తెచ్చిన వెంటనే పాడొద్దు, ఓ అరగంట ఆగండి. హెయిర్ డ్రయర్ మాత్రం దాని దరిదాపులకు తేవద్దు.

వరస సంగతికొస్తే, స్పీకర్లు మ్యూట్ చేసి, గెయిన్ తగ్గించి, కేబుల్ గుచ్చి, అప్పుడు 48వీ. పది సెకన్లు ఆగాక గెయిన్ పెంచుకోండి. తీసేటప్పుడు ముందు 48వీ ఆపి, లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఇంకో పది పదిహేను సెకన్లు ఆగి కేబుల్ పీకండి. ఆన్‌లో ఉండగా పీకితే వచ్చే ఆ 'ఢబ్' మైకు కంటే ముందు మీ హెడ్‌ఫోన్స్‌ని, వాటికంటే ముందు మీ చెవుల్ని తినేస్తుంది. రెండు వారాలు సిలికా జెల్‌తో పొడిగా ఉంచాక కూడా చిటపట తగ్గకపోతే క్యాప్సూల్ మీద దుమ్మో ఉమ్మి తుంపరలో పేరుకున్నాయని అర్థం, అది విప్పి మీరు తుడవొద్దు, సర్వీస్ సెంటర్‌కు పంపండి. తిరిగొచ్చాక ముందర నోటి గాలినీ తుంపరల్నీ ఆపే జల్లెడ లాంటి పాప్ ఫిల్టర్ ఒకటి పెట్టుకోండి.